స్వచ్ఛమైన పర్యావరణం రాజ్యాంగ హక్కు కావాలంటే ఏ దారి మేలు?

మా మేనత్త వాళ్ల ఊరు సంగారెడ్డి జిల్లాలో, ఒక వాగు ఒడ్డున ఉంటుంది. చాలా ఏళ్ల కిందట వెళ్లినప్పుడు వాళ్లింట్లో కిటికీ గూట్లో ఒక లీటరు సీసా కనిపించింది. నిండా బోరు నీళ్లు. పొద్దున పట్టినప్పుడు తేటగానే ఉన్నాయట. సాయంత్రానికి పసుపు తిరిగాయి. పైన నూనె తెట్టులాంటి పొర, అడుగున తుప్పు రంగు మడ్డి. మూత తీస్తే మందుల షాపు వాసన. ఆ సీసాని పాత చీర ముక్కలో చుట్టుకుని అత్త ఒక ఆఫీసుకి వెళ్లింది.

అక్కడున్నాయన సీసా వంక చూసి, "ఇవి ఏ ఫ్యాక్టరీ నీళ్లమ్మా?" అని అడిగాడు.

"ఏ ఫ్యాక్టరీయో నాకెట్ల తెలుస్తది సార్, వాగుల నుంచి బోర్లకు దిగుతున్నయి" అంది అత్త.

"అది తేల్చుకుని, ల్యాబ్ రిపోర్టు పట్టుకుని రండి" అన్నాడాయన. అత్త ఆ సీసాని మళ్లీ చీర ముక్కలో చుట్టుకుని ఇంటికి తెచ్చి, కిటికీ గూట్లో పెట్టింది.

ఆరోగ్యకరమైన పర్యావరణాన్ని రాజ్యాంగంలో హక్కుగా రాయాలా, రాస్తే ఎలా రాయాలి అన్న మాట వచ్చినప్పుడల్లా నాకు ఆ సీసాయే గుర్తొస్తుంది. ఆఫీసులో ఆయన అడిగింది ఒక్క ప్రశ్నే, కానీ అసలు తగాదా అంతా అందులోనే ఉంది. రుజువు ఎవరు చూపాలి? పని ఎవరు చేయాలి? ఇవాళ ఇచ్చిన రక్షణని రేపు ఎవరు, ఎంత తేలిగ్గా తీసేయగలరు? ఏ దారి మంచిదో చెప్పడానికి నేను ఈ మూడు ప్రశ్నలనే వాడతాను. మీరు కాలనీ సంఘం తరఫున ఎంపీకి వినతిపత్రం రాస్తున్నా, లా కాలేజీలో డిబేట్‌కి తయారవుతున్నా, ఊళ్లో ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్తున్నా ఇవే మూడు ప్రశ్నలు పట్టుకోండి.

ప్రపంచంలో ఈ హక్కుపై పెద్దగా గొడవ లేదు. 2022 జులై 28న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ దీన్ని మానవ హక్కుగా గుర్తించింది. 161 దేశాలు ఔనన్నాయి, 8 తటస్థంగా ఉన్నాయి, వద్దన్నవాళ్లు ఎవరూ లేరు. అంతకు ముందు ఏడాది మానవ హక్కుల మండలిలో తటస్థంగా ఉన్న మన దేశం కూడా ఈసారి ఔననే ఓటేసింది. అయితే అలాంటి తీర్మానం పట్టుకుని ఏ కోర్టుకీ వెళ్లలేం. మన దేశం లోపల పనికొచ్చేది మన రాజ్యాంగమే.

మన ముందు నాలుగు దారులున్నాయి.

21వ అధికరణలోనే ఉండనివ్వడం

మన రాజ్యాంగంలో "స్వచ్ఛమైన పర్యావరణం నీ హక్కు" అని ఎక్కడా రాసి లేదు. 21వ అధికరణ చెప్పేది ప్రాణం, వ్యక్తిగత స్వేచ్ఛ గురించి మాత్రమే. మిగతాదంతా జడ్జిలు అందులోంచి తీసి మనకిచ్చారు. ఇందులో తెలుగు నేల వాటా చాలా పెద్దదని చెప్పుకోవాలి. 1987లో టి. దామోదర్ రావు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జడ్జి పి.ఎ. చౌదరి ఇచ్చిన తీర్పు ఉంది. హైదరాబాద్ అభివృద్ధి ప్రణాళికలో జనం ఆటవిడుపు కోసం వదిలిన స్థలంలో ప్రభుత్వ సంస్థలు ఇళ్లు కట్టబోతే, చుట్టుపక్కల వాళ్లు కోర్టుకెక్కారు. గాలినీ పరిసరాలనీ పాడు చేసి మనిషికి మెల్లమెల్లగా విషమెక్కించడం కూడా 21వ అధికరణను ఉల్లంఘించడమేనని ఆయన చెప్పారు. కాలుష్యం లేని నీరు, గాలి పొందడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు సుభాష్ కుమార్ కేసులో చెప్పింది 1991లో. అంటే మన హైకోర్టు నాలుగేళ్లు ముందుంది.

తర్వాత 1999లో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కేసు. ఆ జంట చెరువులకు 10 కిలోమీటర్ల లోపల ఆముదం నుంచి నూనె ఉత్పత్తులు తీసే ఫ్యాక్టరీ పెడతామని ఒక కంపెనీ వచ్చింది. కాలుష్య నియంత్రణ మండలి కాదంది. గొడవ సుప్రీంకోర్టుకి చేరింది. జస్టిస్ ఎం. జగన్నాధరావు రాసిన తీర్పులో నాకు అన్నిటికంటే నచ్చే మాట ఒకటుంది. హాని జరగదని చూపించాల్సిన బాధ్యత ఫ్యాక్టరీ పెట్టేవాడిదే కానీ, అడ్డుపడేవాడిది కాదు. మా అత్తని అడిగిన ప్రశ్నకి ఇదే జవాబు. కానీ తీర్పు వచ్చినంత మాత్రాన ఆ మాట ప్రతి ఆఫీసు బల్ల దాకా చేరదు. ఎవరైనా కేసు వేసి, ఆ తీర్పు చూపించి, జడ్జి ఒప్పుకుంటేనే అది పని చేస్తుంది.

ఈ దారిలో లాభం లేదని అనను. ఎవరి ఓటూ అక్కర్లేదు, ఏ సవరణా అక్కర్లేదు, ఈ రోజే వాడుకోవచ్చు. 21వ అధికరణ "వ్యక్తి" అంటుంది కాబట్టి పౌరుడు కానివాడికీ వర్తిస్తుంది. కాలం మారేకొద్దీ హక్కూ పెరుగుతుంది. 2024లో ఎం.కె. రంజిత్‌సిన్హ్ కేసులో వాతావరణ మార్పుల దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కు 14 (సమానత్వం), 21 అధికరణల్లో ఉందని సుప్రీంకోర్టు గుర్తించింది. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల దగ్గర చెట్లు కూలుతుంటే, వెంటనే ఆపండని ఆదేశించింది కూడా సుప్రీంకోర్టే. ఏ చట్టసభా అంత వేగంగా కదలదు.

ఇక రెండో వైపు. ఆ రంజిత్‌సిన్హ్ తీర్పునే పూర్తిగా చదవండి. కేసు మొదలైంది బట్టమేక పక్షి కోసం. రాజస్థాన్, గుజరాత్‌లలో సుమారు 99,000 చదరపు కిలోమీటర్ల మేర విద్యుత్ లైన్లని భూమి లోపల నుంచి వేయాలన్న 2021 నాటి ఆదేశాన్ని ఆ తీర్పుతోనే సడలించి, సంగతి నిపుణుల కమిటీకి అప్పగించారు. ఒక పేజీలో కొత్త హక్కు వచ్చింది, ఇంకో పేజీలో పాత రక్షణ తగ్గింది. సోలార్ కరెంటు కూడా కావాలి కదా అన్నది కోర్టు ఆలోచన, అందులో న్యాయం లేదని నేననను. కానీ పక్షికీ కరెంటుకీ మధ్య తూకం ఎలా వేయాలో చెప్పే ఒక్క వాక్యం కూడా మన రాజ్యాంగంలో లేదు. అందుకే ఏ బెంచ్ ముందుకు వెళ్తే ఆ బెంచ్ తూకమే దిక్కు.

ఇంకా దగ్గరి ఉదాహరణ వనశక్తి కేసు. ముందు పని మొదలుపెట్టేసి, తర్వాత పర్యావరణ అనుమతి తెచ్చుకోవడం చెల్లదని 2025 మేలో ఇద్దరు జడ్జిల బెంచ్ గట్టిగా చెప్పింది. అదే ఏడాది నవంబరులో ముగ్గురు జడ్జిల బెంచ్ 2:1 మెజారిటీతో ఆ తీర్పుని వెనక్కి తీసుకుంది. ఆరు నెలలు. విత్తనం వేసి కోత కోసేలోపు హక్కు స్వరూపం మారిపోయింది.

ఆలస్యం సంగతి చెప్పనక్కర్లేదు. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యంపై సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది 1990లో. అక్కడి నుంచి 2001లో హైకోర్టుకి, ఆ తర్వాత పర్యావరణ కేసుల కోసమే పెట్టిన హరిత ట్రిబ్యునల్‌కి వెళ్లి 2017లో తీర్పు వచ్చింది. కేసు నడుస్తుండగానే, 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అక్కడి మందుల కంపెనీల మురుగునీటిని శుభ్రం చేసే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వదిలే నీటిని పరీక్షిస్తే, లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. శుద్ధి చేశాక వదిలిన నీళ్లవి. నేను అత్త సీసా మూత తీసినప్పుడు వచ్చిన మందుల షాపు వాసన ఎక్కడిదో నాకు రుజువు లేదు. కానీ ఆ వార్త చదివిన రోజు చాలాసేపు ఏ పనీ చేయబుద్ధి కాలేదు.

ఆదేశిక సూత్రం ఉంది, చట్టాలున్నాయి, చాలుననుకోవడం

ఈ దారి గురించి ఎక్కువ చెప్పను. 1976లో 42వ సవరణతో 48-ఎ అధికరణ వచ్చింది. పర్యావరణాన్ని కాపాడేందుకు రాజ్యం కృషి చేయాలన్నది దాని సారం. దానితో పాటే 51-ఎ(జి) కింద చెరువులు, నదులు, అడవులు కాపాడటం పౌరుల విధి అయింది. 48-ఎ ప్రభుత్వానికి దారి చూపే ఆదేశిక సూత్రం మాత్రమే కాబట్టి, 37వ అధికరణ ప్రకారం దాన్ని నేరుగా కోర్టులో అమలు చేయించుకోలేం. మనకి విధి అప్పగించారు గానీ హక్కు చేతికివ్వలేదు. నన్నడిగితే ఇది అన్యాయమైన పంపకం.

1974 నాటి నీటి చట్టం, 1981 నాటి గాలి చట్టం, భోపాల్ తర్వాత 1986లో వచ్చిన పర్యావరణ పరిరక్షణ చట్టం, 2010 నాటి హరిత ట్రిబ్యునల్ చట్టం... చట్టాలకు కొదవ లేదు. రోజువారీ పని నడిచేది వీటితోనే. అయితే వీటిని మామూలు మెజారిటీతో మార్చేయవచ్చు. 2023లో జన్ విశ్వాస్ చట్టం వచ్చి, పర్యావరణ పరిరక్షణ చట్టాన్ని ఉల్లంఘిస్తే పడే జైలు శిక్షల స్థానంలో 10,000 నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా పెట్టింది. పెద్ద కంపెనీకి 15 లక్షలంటే ఎంత?

జీవోల సంగతి ఇంకా పలచన. జంట చెరువుల చుట్టూ 10 కిలోమీటర్ల రక్షణ కల్పించిన 1996 నాటి జీవో 111 హైదరాబాద్‌లో అందరికీ తెలుసు. సుప్రీంకోర్టు దాకా వెళ్లి నిలబడిన ఆంక్షలని 2022లో మరో జీవోతో సడలించారు. మార్చడానికి ఎంత కష్టపడాలి అన్న నా మూడో ప్రశ్న దగ్గర ఈ దారి పూర్తిగా తప్పుతుంది.

విడిగా ఒక ప్రాథమిక హక్కు రాసుకోవడం

నేను మొగ్గేది దీనివైపే. అయితే ఇక్కడే జాగ్రత్త ఎక్కువ కావాలి, ఎందుకంటే రాసే మాటల్ని బట్టే ఫలితం ఉంటుంది.

ముందు, ఇది జరిగే పనేనా అంటే, ఒకసారి జరిగింది. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో 14 ఏళ్ల లోపు పిల్లలకి చదువు ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 21వ అధికరణలోంచే తీసి చెప్పింది. 2002లో పార్లమెంటు 86వ సవరణతో దాన్ని 21-ఎ అధికరణగా రాసింది. 2009లో చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. కోర్టు చెప్పినన్నాళ్లూ అది లాయర్ల మాటగానే ఉండింది. రాజ్యాంగంలోకి, ఆ వెంట చట్టంలోకి వచ్చాకే ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్ల గురించి ఆటో నడిపే తండ్రి కూడా వెళ్లి అడగగలుగుతున్నాడు. పర్యావరణ హక్కుకీ ఇదే బాట ఉంది. దీన్ని రాజ్యాంగంలోనే రాయాలని జస్టిస్ వెంకటాచలయ్య అధ్యక్షతన ఏర్పడిన రాజ్యాంగ సమీక్ష కమిషన్ 2002లోనే సిఫారసు చేసింది. సురక్షితమైన తాగునీరు, ఆరోగ్యానికి హాని చేయని పర్యావరణం, రాబోయే తరాల కోసం పరిరక్షణ అన్నీ అందులో ఉన్నాయి. పేరు కూడా పెట్టారు, 30-డి అధికరణ అని. ఆ కాగితం ఇరవై ఏళ్లకు పైగా అలాగే ఉంది.

సవరణకి ఉభయసభల్లో సభకి హాజరై ఓటేసేవారిలో మూడింట రెండొంతులు, మొత్తం సభ్యుల్లో సగానికి మించి మద్దతు కావాలి. ప్రాథమిక హక్కు చేర్చడానికి రాష్ట్రాల శాసనసభల ఆమోదం తప్పనిసరి కాదు. అంత కష్టపడి తెచ్చుకున్నది తీసేయడానికీ అంతే కష్టపడాలి. తీసేయనే లేరని మాత్రం అనుకోవద్దు. ఆస్తి హక్కుని 1978లో 44వ సవరణతో ప్రాథమిక హక్కుల్లోంచి తప్పించారు. అయినా, జీవోతో పోగొట్టుకోవడానికీ, పార్లమెంటులో దేశమంతా చూస్తుండగా పోగొట్టుకోవడానికీ చాలా తేడా ఉంది.

ఇక మాటలు ఎలా రాయాలి? ఇతర దేశాల రాత పక్కపక్కన పెట్టి చూద్దాం.

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం 2021 నవంబరులో ఓటర్ల ఆమోదంతో తన రాజ్యాంగంలో ఒక్క వాక్యం చేర్చింది. ప్రతి వ్యక్తికీ స్వచ్ఛమైన గాలి, నీరు, ఆరోగ్యకరమైన పర్యావరణం పొందే హక్కు ఉందన్నది దాని అర్థం. ఇంగ్లిష్‌లో పదిహేను మాటలు. అక్కడ ఒక పెద్ద చెత్త డంపింగ్ స్థలం పక్కన ఉండేవాళ్లు కంపు భరించలేక ఆ వాక్యం పట్టుకుని కోర్టుకి వెళ్లారు. ప్రైవేటు కంపెనీ నడిపే డంపింగ్ మీద చర్య తీసుకోమని రాష్ట్రాన్ని ఆ వాక్యం బలవంతం చేయలేదని 2024లో అప్పీలు కోర్టు తేల్చింది. హక్కు ఉంది, పని ఎవరు చేయాలో రాయలేదు. అంబర్‌పేట్‌లోనో జవహర్‌నగర్‌లోనో చెత్త వాసన పీల్చినవాళ్లకి ఈ తీర్పు ఎంత నొప్పిగా ఉంటుందో వేరే చెప్పాలా?

దక్షిణాఫ్రికా 1996 రాజ్యాంగంలోని 24వ సెక్షన్ దీనికంటే చాలా మెరుగు. మొదటి భాగం, ఆరోగ్యానికి, క్షేమానికి హాని చేయని పర్యావరణం ప్రతి ఒక్కరి హక్కు అంటుంది. రెండో భాగం, ఇప్పటి తరాల కోసమూ రాబోయే తరాల కోసమూ తగిన చట్టాలు, ఇతర చర్యల ద్వారా పర్యావరణాన్ని కాపాడించుకునే హక్కు ఇస్తుంది. ఆర్థిక, సామాజిక అభివృద్ధి మాట కూడా అక్కడే ఉంది. అంటే తూకం ఎలా వేయాలో రాసుకున్నారు. అక్కడ హైవెల్డ్ అనే ప్రాంతం బొగ్గు విద్యుత్ కేంద్రాలతో నిండి ఉంటుంది. గాలి ఎప్పుడూ ప్రమాణాలు దాటుతూ ఉంటే, ఆ గాలి పీల్చేవాళ్ల హక్కుని ప్రభుత్వం ఉల్లంఘించిందని 2022లో ప్రిటోరియా హైకోర్టు తీర్పిచ్చి, నియమాలు చేయాలని మంత్రిని ఆదేశించింది. 2025లో పై కోర్టు కూడా మంత్రికి ఆ బాధ్యత ఉందని చెప్పింది. ఫలానా చిమ్నీ పొగ వల్లే ఫలానా పిల్లవాడికి ఆయాసం వచ్చిందని ఎవరూ రుజువు చేయాల్సి రాలేదు.

కెన్యా 2010 రాజ్యాంగం దీనికి ఇంకో అడుగు కలిపింది. స్వచ్ఛమైన పర్యావరణం హక్కుకి భంగం కలుగుతోందని కోర్టుకి వెళ్లేవాడు తనకో, ఇంకొకరికో నష్టం జరిగిందని చూపనక్కర్లేదని 70వ అధికరణలో స్పష్టంగా రాశారు. మొంబాసాలో పాత బ్యాటరీల నుంచి సీసం కరిగించే ఫ్యాక్టరీ పక్కన ఓవినో ఉహురు అనే బస్తీ ఉంది. సీసం వాళ్ల రక్తంలోకి వెళ్లింది. 2020లో కోర్టు 130 కోట్ల షిల్లింగుల పరిహారం ఇచ్చింది. మధ్యలో అప్పీల్లో ఎదురుదెబ్బ తగిలినా, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు బస్తీవాళ్ల పక్షానే నిలిచింది.

మన పొరుగున నేపాల్ కూడా 2015 రాజ్యాంగంలో 30వ అధికరణగా దీన్ని రాసుకుంది. కాలుష్యం వల్ల నష్టపోయినవారికి కాలుష్యం చేసినవాడి నుంచి పరిహారం పొందే హక్కు ఉందని అందులోనే చేర్చారు. అయినా శీతాకాలంలో కాఠ్మాండూ గాలి ఎలా ఉంటుందో వార్తల్లో చూస్తూనే ఉన్నాం. రాత మంచిదైనా అమలు చేసే మనుషులు, డబ్బు, పరీక్షా యంత్రాలు లేకపోతే గాలి దానంతటది బాగుపడదు. ఈ మాట దాచిపెట్టి ఈ దారిని మెచ్చుకోవడం తప్పు.

ఇక్కడ మనకే ప్రత్యేకమైన ఇంకో సంగతి ఉంది. అన్ని విషాలూ ఫ్యాక్టరీల నుంచి రావు. ప్రకాశం ప్రాంతంలో ఫ్లోరోసిస్‌ని గుర్తించింది 1937లో. నల్లగొండలో వంగిపోయిన వెన్నెముకలు, వంకర తిరిగిన కాళ్లు రెండు తరాలు చూశాం. ఆ ఫ్లోరైడ్ రాళ్లలోంచి నీళ్లలోకి వచ్చింది. దోషి అంటూ ఎవరూ లేరు. "కాలుష్యం చేసినవాడే చెల్లించాలి" అన్న సూత్రం అక్కడ ఎందుకూ పనికిరాదు. ఆ ఊళ్లకి కావలసింది, మంచినీళ్లు తెచ్చివ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానిదని చెప్పే హక్కు. అందుకే "హాని చేయకూడదు" అని మాత్రమే రాస్తే సరిపోదు. "సురక్షితమైన తాగునీరు ఇవ్వాలి" అన్నది విడిగా, పేరు పెట్టి రాయాలి. వెంకటాచలయ్య కమిషన్ నీటిని మొదటి మాటగా పెట్టడం నాకు అందుకే సరైనదనిపిస్తుంది.

నదికీ అడవికీ హక్కులివ్వడం

ఈక్వెడార్ 2008 రాజ్యాంగం ప్రకృతికే హక్కులు రాసింది. 2021లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం లోస్ సెడ్రోస్ అనే మేఘారణ్యంలో గని తవ్వకాల అనుమతులని ఆ హక్కుతోనే రద్దు చేసింది. చదువుతుంటే మనసు పొంగుతుంది. గోదావరికి పుష్కరాలు చేసే మనకి నది తల్లి అన్న మాట కొత్తదేం కాదు.

అయినా ఇప్పుడు దీన్నే ముందు ఎంచుకోమని చెప్పను. 2017 మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగ, యమునలని చట్టపరమైన వ్యక్తులుగా ప్రకటిస్తే, జులైలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. వరదొచ్చి ఇల్లు కొట్టుకుపోతే నది మీద దావా వేయాలా, నది తరఫున ఎవరు మాట్లాడాలి, పక్క రాష్ట్రంలో సంగతేంటి అన్న చిక్కులకి జవాబులు లేవు. ఇంకో భయం కూడా ఉంది. అడవికి హక్కులు అనగానే, అందులో తరతరాలుగా బతుకుతున్న కోయలని, చెంచులని బయటికి పంపడానికి దాన్ని వాడేవాళ్లు ఉంటారు. మనిషి హక్కుని ముందు గట్టిగా రాసుకుని, ఆ తర్వాత దీని గురించి ఆలోచిద్దాం.

నేను ఎంచుకునేది

21-బి అనే కొత్త అధికరణ. దక్షిణాఫ్రికా ఎముకల గూడు, కెన్యా నుంచి రుజువు భారం తగ్గించే క్లాజు, నేపాల్ నుంచి పరిహారం, మన కమిషన్ నుంచి తాగునీరు. తెలుగులో రాసుకుంటే సుమారుగా ఇలా ఉంటుంది:

"తన ఆరోగ్యానికీ క్షేమానికీ హాని చేయని పర్యావరణంలో బతికే హక్కు, సురక్షితమైన తాగునీరు పొందే హక్కు ప్రతి వ్యక్తికీ ఉంటాయి. ఇప్పటివారి కోసమూ పుట్టబోయేవారి కోసమూ, ఆర్థిక, సామాజిక అభివృద్ధితో తూకం చూస్తూ, వీటిని కాపాడే చట్టాలు చేసి, అమలు చేయడం రాజ్యం బాధ్యత. ప్రైవేటు వ్యక్తులు, సంస్థలు చేసే హానిని ఆపడం కూడా ఇందులో భాగమే. ఈ హక్కు కోసం కోర్టుకి వెళ్లేవారు వ్యక్తిగత నష్టాన్ని రుజువు చేయనక్కర్లేదు. హాని లేదని చూపే బాధ్యత ఆ పని తలపెట్టినవారిదే. గాలి, నీటి పరీక్షల ఫలితాలు అడగకుండానే జనానికి తెలియజేయాలి. నష్టపోయినవారికి పరిహారం పొందే హక్కు ఉంటుంది."

వినతిపత్రంలో ఇన్ని పెట్టడం కుదరదంటే రెండింటిని మాత్రం వదలొద్దు. ఒకటి, ప్రైవేటు హానిని ఆపే బాధ్యత ప్రభుత్వానిదన్న వాక్యం. రెండు, రుజువు భారం. ఈ రెండూ లేని హక్కు న్యూయార్క్ వాక్యంలా అందంగా ఉండి, మా అత్తని మళ్లీ ల్యాబ్ రిపోర్టు కోసం వెనక్కి పంపుతుంది.

"ఇలా రాస్తే ఫ్యాక్టరీలు పోయి మా పిల్లల ఉద్యోగాలు పోతాయి" అనేవాళ్లు మా ఊళ్లలోనే ఉన్నారు, వాళ్లది ఉత్త మాట కాదు. మా అత్త కొడుకు కూడా ఆ మందుల కంపెనీల్లోనే షిఫ్టు పని చేసి ఇల్లు కట్టుకున్నాడు. అదే ఇంట్లో తాగే నీళ్లు మాత్రం క్యాన్లలో కొంటారు. శుద్ధి చేయడానికి అయ్యే ఖర్చుని కంపెనీ తప్పించుకుంటే ఆ ఖర్చు నీళ్ల క్యాన్‌గా, ఆసుపత్రి బిల్లుగా, బీడు పడిన పొలంగా కార్మికుడి ఇంటికే వస్తుంది. దక్షిణాఫ్రికా మాదిరిగా అభివృద్ధి మాట అధికరణలోనే ఉంటే తూకం వేయడానికి వీలుంటుంది. అది లేకపోతే ఒకరోజు పూర్తి నిషేధం, ఇంకో రోజు పూర్తి మినహాయింపు వస్తాయి. ఎక్కువ టెన్షన్ పడాల్సింది అలాంటి అస్థిరత గురించే.

కాలేజీ డిబేట్‌లో మొదటి దారి వైపు నిలబడాల్సి వస్తే మీ దగ్గరున్న మంచి వాదన వేగం. కంచ గచ్చిబౌలి ఉదాహరణ చాలు. నిజాయితీగా చెప్పాలంటే, కొత్త అధికరణ వచ్చినా 21వ అధికరణ ఎక్కడికీ పోదు. రెండూ కలిసి నడుస్తాయి, 21, 21-ఎ నడుస్తున్నట్టే.

పొగ ఇవాళే ఇంటి ముందుంటే

సవరణ వచ్చేదాకా ఆగలేని వాళ్ల కోసం ఇది. ఇక్కడా మూడు దారులున్నాయి, ఒక్కోటి ఒక్కో పనికి.

కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు తప్పకుండా ముందు పెట్టండి. దాంతో సమస్య తీరుతుందన్న భరోసా నేను ఇవ్వను, కానీ తర్వాత ఎక్కడికి వెళ్లినా "ముందు ఫిర్యాదు చేశారా?" అని అడుగుతారు. నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి.

ఫలానా ఫ్యాక్టరీ, ఫలానా అనుమతి, ఫలానా వాగు అని చూపగలిగితే హరిత ట్రిబ్యునల్ మేలు. రెండు తెలుగు రాష్ట్రాలకీ చెన్నైలోని దక్షిణ మండల బెంచ్ ఉంది. పరిహారం అడగకపోతే దరఖాస్తు రుసుము 1,000 రూపాయలు. లాయర్ లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. జడ్జిల పక్కన పర్యావరణ నిపుణులు కూడా కూర్చుంటారు కాబట్టి, ల్యాబ్ రిపోర్టు చదివి అర్థం చేసుకునేవాళ్లు అక్కడ ఉంటారు. 2020 మే 7న విశాఖలో స్టైరీన్ గ్యాస్ లీకై 12 మంది చనిపోతే, ట్రిబ్యునల్ మరుసటి రోజే 50 కోట్లు జమ చేయమని కంపెనీని ఆదేశించింది. అయితే వన్యప్రాణి సంరక్షణ చట్టం ట్రిబ్యునల్ పరిధిలో లేదు. జంతువులు, అభయారణ్యాల విషయమైతే హైకోర్టుకే వెళ్లాలి.

దోషి ఎవరో చూపలేని పరిస్థితి, తాగునీరు ఇవ్వని ప్రభుత్వం, చెరువు స్థలాన్ని వేరే పనికి మార్చే నిర్ణయం, ఇలాంటివైతే 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ (ప్రభుత్వాన్ని నేరుగా ఆదేశించమని కోరే పిటిషన్) వేయాలి. దామోదర్ రావు కేసు గెలిచింది అలాగే.

ట్రిబ్యునల్‌కి వెళ్దామనుకునేవాళ్లు చాలామంది ఓడిపోయేది గడువు దగ్గర. వివాదానికి కారణం మొదట తలెత్తిన రోజు నుంచి ఆరు నెలలు, సరైన కారణం చూపితే ఇంకో 60 రోజులు. పరిహారం కోసమైతే ఐదేళ్లు. మా అత్త సీసా ఎన్నేళ్లు గూట్లో ఉందో లెక్క లేదు, దాని మీద తేదీ లేదు. మీరు నీళ్లు పడితే శుభ్రంగా కడిగిన సీసాలో పట్టండి. పట్టిన చోటు, తేదీ, గంట రాసి అంటించండి. వాగు, బోరు, సీసా ముగ్గురు సాక్షుల ముందు ఒకే ఫోటోలో వచ్చేలా తీసుకోండి. రంగు మారాక సాయంత్రం ఇంకో ఫోటో తీయండి. ఆ రాత్రే ఫిర్యాదు రాయండి.